ఆ పిల్లతో అన్న మాట

గోవా బండి గంట లేటని డోన్ స్టేషన్ మైకులో చెప్పగానే ప్లాట్‌ఫారం మీద అందరూ విసుక్కున్నారు, నాకు మాత్రం ఆ గంట కలిసొచ్చింది, ఎందుకంటే ఈ గంటలో నేనొకటి తేల్చుకోవాలి, ఆయన బండి దిగగానే అడగాలా వద్దా, అడిగితే ఏమని అడగాలి. బేరంలో మొదటి మాట తప్పుగా పడితే ఆ తర్వాత ఎన్ని మాటలు పేర్చినా నిలబడవు. ఇది నాకు పుట్టింటి నుంచే తెలుసు. మా నాయన గోవిందయ్య కమలాపురంలో శెనగల వ్యాపారి, రైతు మచ్చు తెచ్చి అరచేతిలో పోస్తే ఒక గింజ పళ్ళ కింద పెట్టి కొరికి, విరిగిన చప్పుడును బట్టి తేమ ఎంతుందో చెప్పేవాడు, ధర మాత్రం చెప్పేవాడు కాదు, ఊరికే కూర్చునేవాడు, ముందు నోరు తెరిచినవాడికే నష్టం అనేవాడు. నేనూ నిన్న మధ్యాహ్నం నుంచి నోరు తెరవలేదు. పొద్దున ఆయన 'బండెక్కినాం' అని మెసేజ్ పెడితే 'సరే' అని పెట్టాను. ఆ ఒక్క మాట కింద ఏం తొక్కిపెట్టానో ఆయనకు తెలియదు. పాపం, ఎప్పట్లాగే దిగి, బ్యాగు భుజాన వేసుకుని, ఇంటికి నడుచుకుంటూ వచ్చేద్దామనుకుంటూ ఉంటాడు, స్టేషన్ నుంచి మా పురుగుమందుల అంగడి ఎంత దూరమని, నేనెప్పుడూ ఎదురు రాలేదు, వచ్చే అవసరం పడలేదు.

పక్కన శివలీల కూర్చుని బఠానీలు నములుతోంది. మా వీధిలోనే విత్తనాలు, పురుగుమందుల అంగడి పెట్టిన వీరభద్ర భార్య, ఆ వీరభద్ర మా ఆయనతోపాటే గోవా పోయాడు.

"ఏంది సుందరక్కా, నువ్వెప్పుడూ స్టేషన్‌కు రావే, ఈసారి ఏం పుట్టింది?"

"ఊరికే."

"ఊరికే వచ్చే మనిషివా నువ్వు! నేనైతే పనుండి వచ్చినా. దిగంగానే మా ఆయన్ను నేరుగా ల్యాబుకు తోలకపోతా. ముందు సూది, రక్తం. రిపోర్టు వచ్చినాకనే లోపల మంచం. అంతవరకూ వరండాలో చాప."

"ఏమీ అనడా?"

"ఏమంటాడు, గొర్రె మాదిరి చెయ్యి చాపుతాడు. ల్యాబాయప్పకు కూడా అలవాటైపోయిండాది, నన్ను చూస్తానే 'ఏమ్మా, మీటింగు అయిపోయిందా' అంటాడు." అని గట్టిగా నవ్వి, గుప్పెడు బఠానీలు నా చేతిలో పోసింది.

ఆ నవ్వు చూసినా నాకు కుళ్ళే. మొగుడి పోకడను ఇంత తేలికగా తూచి పక్కన పెట్టేసే మనసు నాకెందుకు లేదు? మీటింగు అంటే మా ఆడవాళ్ళందరికీ అర్థం తెలుసు. పురుగుమందుల కంపెనీ ఏటా టార్గెట్ పెడుతుంది, అది దాటిన డీలర్లను సముద్రం పక్క ఊరికి తీసుకుపోతుంది, ఒక ఏడు గోవా, ఒక ఏడు పట్టాయా. ప్రోగ్రాం కాగితంలో పగలంతా నింపి ఉంటుంది, పాత చర్చి, కోట, పడవ షికారు, కొత్త మందుల గురించి గంటసేపు ఉపన్యాసం, రాత్రి మాత్రం రెండే ముక్కలు ఉంటాయి, ఫ్రీ టైమ్. వాట్సాప్‌లో వచ్చే ఫోటో ఒక్కటే, అందరూ కంపెనీ టోపీలు పెట్టుకుని ఇసుకలో వరసగా నిలబడినది. తాగే ఫోటోలు పెట్టకూడదని వాళ్ళలో వాళ్ళకొక కట్టుబాటు. వచ్చేటప్పుడు ప్రతివాడూ జీడిపప్పు తెస్తాడు. పొట్లం ఎంత పెద్దదైతే తప్పు అంత పెద్దదని అమ్మవారిశాలలో కుంకుమ పూజకు చేరినప్పుడు ఆడవాళ్ళం నవ్వుకుంటాం, నవ్వుకుని ఆ పప్పే పాయసంలో వేసి నైవేద్యం పెడతాం. ఎవరూ మొగుణ్ణి నిలదీయరు. నిలదీస్తే జవాబు వస్తుంది, ఆ జవాబును ఇంట్లో ఎక్కడ పెట్టుకోవాలి? నేనూ అంతే. పట్టాయా పోయి వచ్చినప్పుడు ఆయన చొక్కా ఉతకడానికి తీస్తే అందులో మా ఊళ్ళో ఎక్కడా దొరకని వాసన, నాకు వాసనలు పట్టడం వృత్తి, ఆ వాసనను మూడు నీళ్ళలో జాడించి ఆరేశాను. ధాన్యం బస్తా ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోతే కొంత రాలుతుంది, వ్యాపారి దాన్ని ముందే తరుగు కింద లెక్క కట్టేస్తాడు, కట్టకపోతే గుండె ఆగి చస్తాడు. ఆయన ఒంటి సంగతి నేను అప్పుడే తరుగు కింద రాసేశాను. రాశాను గానీ, ఆ రాత్రి ఆయన పక్కన పడుకుని, ఎవరు ఆమె, ఎట్లా ఉంటుంది, నవ్విందా, ఆమె వెంట్రుకలు తడిగా ఉన్నాయా అని కప్పు వైపు చూస్తూ లెక్క కట్టినవి మాత్రం ఏ పద్దులోనూ సర్దుకోలేదు.

ఇంకో కుళ్ళు కూడా ఉంది, ఎవరితోనూ అనలేదు, అంటే నవ్వుతారు. ఈ ట్రిప్పు నాది. పురుగుమందుల లైసెన్సుకు డిగ్రీ ఉండాలని రూలు వచ్చినప్పుడు ఆయనది ఇంటర్‌తో ఆగిన చదువు, నేను కర్నూల్లో బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను, అందుకని లైసెన్సు నా పేరున వచ్చింది. బోర్డు మీద చిన్న అక్షరాల్లో ప్రొప్రైటర్ సుందరలక్ష్మి అని ఉంటుంది. టార్గెట్ దాటించింది నేను, ఏ ఊళ్ళో ఏ పంటకు ఏ తెగులు వస్తుందో నెల ముందే పసిగట్టి సరుకు తెప్పించి పెట్టింది నేను. ఆహ్వానం కూడా నా పేరునే వచ్చింది. కంపెనీ మనిషి జయపాల్ ఆ కవరు చేతిలో పెట్టుకుని ఒకటే నసిగాడు, "మేడమ్, అంతా మగవాళ్ళే పోతాండారు, మీకు ఇబ్బంది గదా, సార్ వస్తే అందరికీ ఫ్రీగా ఉంటాది, మీకు మేము మిక్సీ ఇప్పిస్తాం." మిక్సీ వచ్చింది. అందులో కొబ్బరి పచ్చడి రుబ్బిన ప్రతిసారీ నాకు సముద్రమే గుర్తొచ్చింది. నేను సముద్రం ఇంతవరకూ చూడలేదు. ఈ రాళ్ళ మధ్య, ఈ ఎర్ర దుమ్ములో, వాన కోసం మెడలు రిక్కించే మనుషుల మధ్య పుట్టి పెరిగి, అన్ని నీళ్ళు ఒక్కచోట ఎట్లా ఉంటాయో ఊహించుకోవడమే గానీ చూడలేదు. ఆ నీళ్ళలో ఆయన పాదాలు తడిశాయి. ముందు ఆ నీళ్ళ మీదే పడింది నా ఏడుపు. నిన్న మధ్యాహ్నం వరకూ అంతే ఉండేది.

మా అంగడి నడిచే పద్ధతి ఒకటి చెప్పాలి, చెప్పకపోతే నిన్నటి ఫోను ఎందుకంత కోసిందో తెలియదు. ముందు కౌంటర్లో ఆయన కూర్చుంటాడు, వెనక అరల పక్కన, బిల్లు బల్ల దగ్గర నేను. రైతు తెగులు పట్టిన ఆకు తెచ్చి ఆయన ముందు పెడతాడు. ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "వెలుతురు చాల్లేదప్పా" అని వెనక్కి అందిస్తాడు. నేను చూస్తాను, గోటితో గీరతాను, వాసన పడతాను, తల వంచుకుని బిల్లు రాస్తున్నట్టే మెల్లగా మందు పేరు చెబుతాను. ఆయన ముందుకు తిరిగి అదే మాట గట్టిగా, గొంతు దించి, డాక్టరు చెప్పినట్టు చెబుతాడు. రైతు దండం పెడతాడు. మా ఆయన ప్రసాద్ సేటు చేతి మందు తిరుగులేనిదని కోడుమూరు దాకా పేరు. ఫోనులో అడిగితే నేనే చెబుతాను గానీ "సారు చెప్పమన్నాడు" అని మొదలుపెడతాను. ఇదేదో ఒకనాడు కూర్చుని అనుకున్నది కాదు, పాలల్లో నీళ్ళు కలిసినట్టు కలిసిపోయింది. మొదట్లో నాకు ముచ్చటగానే ఉండేది. ఆయన గొంతులోంచి నా మాట వినపడుతుంటే ఇద్దరం ఒకటే మనిషి అనిపించేది. తర్వాత తర్వాత, రైతు వెళ్ళిపోయాక ఒక్కసారైనా వెనక్కి తిరిగి బాగా పట్టుకున్నావు అంటాడేమోనని చూడటం మొదలుపెట్టాను. తిరగడు. టీ చెప్పనా అంటాడు.

నిన్న భోజనం వేళ అంగడి ఫోను మోగింది. ఆడగొంతు, చిన్నది, గాలి చప్పుడులో తెగి తెగి వస్తోంది.

"సుందరలక్ష్మక్కేనా? అక్కా, మా నాయన శెనగ చేన్లో పచ్చపురుగు పడిండాదంట. ఏం కొట్టమంటారక్కా?"

ఎవరని నేను అడగలేదు. పురుగు అనగానే నాకు మనిషి కనపడదు, చేను కనపడుతుంది. పూత మీదుందా కాయ పట్టిందా అన్నాను, కాయ పట్టిందంది. పురుగు బియ్యపు గింజంత ఉందా అగ్గిపుల్లంత ఉందా అన్నాను, అగ్గిపుల్లలో సగం, తల కాయలో, ఒళ్ళు బయట అంది. అయితే వేపనూనెకు లొంగదని, మందు పేరు చెప్పాను, కొలత చెప్పాను, పొద్దున మంచు మీద కాకుండా సాయంత్రం కొట్టమన్నాను, చేనులో అక్కడక్కడా కొమ్మలు పాతిస్తే పిట్టలు వాలి సగం పని చేసిపెడతాయన్నాను. ఆమె ఒక్కో మాటా తిరిగి చెప్పి చూసుకుంది. తెలివైన పిల్ల అనుకున్నాను. ఏ ఊరమ్మా అన్నాను.

"కమలాపురం పక్కనక్కా."

"మాదీ కమలాపురమే గదా!"

"తెలుసక్కా. సారు చెప్పినాడు."

"ఏ సారు?"

"మీ ఆయన. కార్డు ఇచ్చి, చేను సంగతి మా ఆమెనే అడుగు అన్నాడు."

"మా ఆయన ఊళ్ళో లేడు గదమ్మా. గోవాకు పోయినాడు."

"నేనూ గోవాలోనే ఉండానక్కా," అంది.

నా చేతిలో అన్నం ముద్ద అట్లాగే ఉంది. పెట్టేయవచ్చు. పెట్టేయలేదు. ఆమే అంది, "పెట్టేస్తే పెట్టేయండక్కా, ఏమనుకోను. చేను కౌలుది, పోతే మా నాయన తట్టుకోలేడని చేసినా. నేను ఈడ హోటల్లో పని చేస్తాండానని అనుకుంటాండాడు ఆయన." నేను అడగాల్సినవి ఎన్ని లేవు, అవేవీ రాలేదు, నోట్లోంచి వచ్చింది ఒక్కటే, "మా ఆయన నా గురించి ఏం చెప్పినాడు?"

"నా మాట వింటానే, నీది కమలాపురం మాట, మా ఆమె మాట్లాడినట్టే ఉండాదే అన్నాడక్కా. ఇంక ఒకటే మీ గురించి. ఆకు చూసి రోగం చెప్తారంట గదా మీరు. డబ్బా మూత తీసి వాసన పట్టి కల్తీనా కాదా చెప్తారంట. అంగడి ఆమెది, నేను ఊరికే అరుస్తాంటా, ఆమె లేకుంటే ఎప్పుడో తాళం పడేది అన్నాడు. ఈడికొచ్చేటోళ్ళంతా పెండ్లాన్ని తిట్టేటోళ్ళేనక్కా. ఇట్ల చెప్పినోణ్ణి నేను సూల్లేదు."

అప్పటి నుంచి ఆ మాటలను ఎన్నిసార్లు తూచానో. ఏ పక్క తూచినా ఆమె వైపే ముల్లు మొగ్గుతోంది. ఒళ్ళు పంచుకుంటే తరుగు అనుకున్నాను, ఇది తరుగు కాదు, ఇది నాకు రావాల్సిన సరుకు, నా పేరు రాసిన బస్తా, ఇన్నేళ్ళు నేను గుమ్మంలో నిలబడి ఎదురుచూసినది, తీసుకుపోయి ఎవరి గుమ్మంలోనో దించాడు. నా మెప్పు నా చెవికంటే ముందు ఆమె చెవిలో పడింది. వేడిగా ఉన్నప్పుడు ఆమె తిన్నది, చల్లారాక ఫోనులో నాకు ఇంత పెట్టింది. ఆ మాటలంటున్నప్పుడు ఆయన ముఖం ఎట్లా ఉంది? నేను చూడని ఆ ముఖం ఆమె చూసింది. కిటికీ తీసి ఉందా, అలల చప్పుడు వినపడుతోందా, ఆమె మోచేయి మీద తల పెట్టుకుని ఊ కొట్టిందా? ఇంకా ఏమేం చెప్పాడు? కల్తీ మందు అంటగట్టబోయిన ఏజెంటును నేను మెట్ల మీది నుంచి దింపేసిన రోజు సంగతి చెప్పాడా, కడుపుతో ఉన్నప్పుడు అర్ధరాత్రి పచ్చి మామిడికాయ కావాలని ఏడ్చిన సంగతి చెప్పాడా? చెప్పి నవ్వారా ఇద్దరూ? ఊరికే మాటలకే పోయాడని నేననుకోను, అంత అమాయకురాలిని కాదు. మాటలు ఎప్పుడు చెప్పాడు, ముందా, తర్వాతా? ముందైతే నన్ను తలుచుకుంటూ ఆమె దగ్గరికి పోయాడు. తర్వాతైతే ఆమె దగ్గరి నుంచి నా దగ్గరికి వచ్చాడు. ఏది తక్కువ నష్టమో తేలడం లేదు.

ఆ పిల్లను తిట్టుకుందామనీ చూశాను. మంచి తిట్లే వచ్చు నాకు. ఒక తిట్టు మొదలుపెట్టగానే ఆ కాయలో తల దూర్చిన పురుగు అడ్డం వస్తుంది, కమలాపురం పక్క నల్లరేగడి అడ్డం వస్తుంది, వాళ్ళ నాయన మా నాయన కాటా దగ్గర బస్తా దించి చెమట తుడుచుకున్నవాడే అయి ఉంటాడని అడ్డం వస్తుంది. జాలి పడ్డానని చెప్పను. జాలి పడే తీరిక నా కుళ్ళుకు లేదు. నా మాట లాంటి మాట అంట. అంటే ఏమిటి, నేను పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆ యాసను డోన్ వచ్చాక అత్తగారు వెక్కిరిస్తే కొంచెం కొంచెంగా దాచేసుకున్నాను, ఆ దాచేసినది పోయి ఆమె నోట్లో విన్నాడు, విని కరిగాడు. నా దగ్గర అది ఉందని ఆయనకు తెలుసన్నమాట. తెలిసి కూడా ఒక్కనాడు అడగలేదు.

"శివలీలా," అన్నాను, "మీ ఆయన ఆడికి పోయినప్పుడు నీ గురించి ఎవరితోనైనా మాట్లాడుతాడంటావా?"

ఆమె బఠానీ నమలడం ఆపి నన్ను వింతగా చూసింది. "నా గురించా? ఆడికి పోయేదే నన్ను మర్చిపోయేదానికి గదక్కా!" అని పడీ పడీ నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, మెల్లగా, "ఏం జరిగిందక్కా?" అంది. ఏమీ లేదన్నాను. ఆమె మొగుడు ఆమెను మర్చిపోవడానికి పోతాడు, నా మొగుడు అక్కడికి పోయి నన్ను గుర్తుచేసుకుంటాడు, ఊళ్ళోవాళ్ళను అడిగితే నాదే అదృష్టం అంటారు. శివలీలకు ల్యాబు ఉంది, సూది ఉంది, రిపోర్టు ఉంది. నా నొప్పికి ఏ రక్తం తీసి చూస్తారు?

అవతలి లైను మీద సున్నపురాయి వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి కదిలిపోయాక ఆ వెనక పడమర ఎర్రగా బయటపడింది, ఆ ఎరుపు కిందుగా బండి లైటు కనపడింది. నేనింకా ఏమీ తేల్చుకోలేదు. అడగకుండా ఊరుకుంటే ఏమవుతుంది, రేపు పొద్దున మళ్ళీ ఆయన ముందు కౌంటర్లో, నేను వెనక, రైతు ఆకు తెస్తాడు, ఆయన వెనక్కి అందిస్తాడు, నేను తల వంచుకుని చెబుతాను, చెబుతున్నప్పుడు నా ధ్యాస ఆ పిల్ల దగ్గరికి పోతుంది, పోతే మందు తప్పు చెబుతాను, తప్పు చెబితే ఒకరి చేను పోతుంది. అడిగితే, 'ఆమెతో పడుకున్నావా' అని అడిగితే, లేదంటాడు, లేదన్న మాట అబద్ధమని నాకు తెలుసు, అబద్ధమని తెలిసిన సరుకును బేరం ఆడటమెందుకు. బండి ఆగింది. వీరభద్ర ముందు దిగాడు, శివలీలను చూడగానే ముఖం వేలాడేసి చెయ్యి చొక్కా లోపలికి లాక్కున్నాడు, ఆమె "దా నాయనా, దా, ల్యాబు మూసేస్తాడు" అని మోచెయ్యి పట్టుకుంది. ఆయన వెనక దిగాడు. మెడ ఎండకు కమిలి నల్లబడింది. నన్ను చూసి నవ్వబోయి, ఆగిపోయి, "ఏమైంది, ఇంట్లో అందరూ బాగుండారా?" అన్నాడు.

"కూర్చోండి," అన్నాను.

"ఇంటికి పోదాం పా."

"కూర్చోండి. కమలాపురం పిల్ల ఫోన్ చేసింది."

బ్యాగు భుజం మీది నుంచి దానంతట అదే జారింది. ఆయన బెంచీ కొసన కూర్చున్నాడు. "సుందరా, అది... ఆ పాప నాయనకు చేను..." అని మొదలుపెట్టాడు.

"ఆమె సంగతి కాదు. ఆమెతో నా సంగతి ఏం చెప్పినారో అది నాకు చెప్పండి."

"ఈడనా?"

"ఈడనే."

వీరభద్ర వినడం లేదన్నట్టు అటు తిరిగాడు, శివలీల విననట్టు కూడా నటించలేదు. ఆయన తల ఎత్తకుండా అన్నాడు, "ఇంట్లో అంత మంచి పెండ్లాం ఉంటే ఈడికెందుకొచ్చినావని అడిగింది ఆ పాప. జవాబు తోచలేదు. తోచక అదే చెప్పినా, ఇంకా ఇంకా చెప్పినా. చెప్తాంటే నాకే తెలిసింది, ఇదెప్పుడూ నీతో అనలేదని."

అనలేదని తెలిసినవాడు ఫోను చేసి అనవచ్చు గదా, మెసేజ్ పెట్టవచ్చు గదా, 'బండెక్కినాం' అన్నచోట ఇంకొక్క మాట పెట్టవచ్చు గదా, అని నా లోపల ఎవరో అరిచారు, పైకి మాత్రం నేను అరవలేదు. సిగ్గుతో పుట్టిన మెప్పు. తేమ ఎక్కువున్న గింజ. ఎండబెడితే ఎంత మిగులుతుందో ఇప్పుడే తెలియదు. అయినా మా పుట్టింట్లో తేమ ఉందని ఏ బస్తానూ తిప్పి పంపలేదు, ఎండలో పోసి కాపలా కూర్చునేవాళ్ళం.

"రేపట్నుంచి ముందు కౌంటర్లో నేను కూర్చుంటా," అన్నాను. "మీరు బిల్లులు రాయండి."

"రైతులు ఏమనుకుంటారు?"

"ఆ పిల్లతో అన్న మాటే వాళ్ళతోనూ అనండి. ఏమనుకుంటారో చూద్దాం."

ఆయన ఊ అన్నాడో, గొంతు సవరించుకున్నాడో. శివలీల వీరభద్రను లాక్కుంటూ పోతూ పోతూ నా భుజం మీద చెయ్యి వేసి నొక్కి పోయింది. మేమూ లేచాం. నాలుగడుగులు వేశాక ఆయన ఆగాడు, అడగాలా వద్దా అని ఇప్పుడు ఆయన లెక్క వేసుకుంటున్నాడు, నాకు తెలుస్తూనే ఉంది. చివరికి అడిగాడు.

"ఆ పాపకు ఏం మందు చెప్పినావు?"

ఆ గొంతులో వ్యాపారం ఎంతుందో, ఆమె ఎంతుందో విని తూద్దామని ఒక్క క్షణం నిలబడ్డాను. తూగలేదు.

"అది నాకూ ఆ పాపకూ మధ్య మాట," అని ముందు నడిచాను.